పొయ్యిలో కాలుతున్నదేమిటి?

పాత పాలమూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి ముప్ఫై ఎనిమిదేళ్ల సోదరి ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయట పెట్టవద్దన్నారు. ఆమె భర్త తాపీమేస్త్రి. ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో అపార్టుమెంట్ల పనులకు వెళ్తూ, పని బాగా ఉన్న నెలల్లో 28 వేల దాకా ఇంటికి తెచ్చేవారు. గత దసరా తర్వాతి వారం పరంజా మీది నుంచి పడి ఎడమ తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలోనే జరిగినా, మొదట చేరిన ఆసుపత్రి బిల్లు, స్కానింగులు, మందులు, రానుపోను ఖర్చులు కలిసి 1,80,000 రూపాయలయ్యాయి. పని చేయించుకుంటున్న కాంట్రాక్టరు 20 వేలు చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం తీసుకొని వెళ్లాడు. ఆ డబ్బు ఆసుపత్రిలోనే అయిపోయింది. ఇంకో నాలుగైదు నెలల్లో కర్ర లేకుండా నడవగలరని, ఎత్తులెక్కడం, బరువులు మోయడం మాత్రం ఇక మానుకోవాలని డాక్టరు చెప్పారు.

ఇంట్లో దంపతులు, అత్తగారు, ఈ ఏడే ఇంటర్ పూర్తిచేసిన కూతురు, తొమ్మిదో తరగతిలోకి వచ్చిన కొడుకు. ఈమె కుట్టుపని మీద సగటున నెలకు 7 వేలు, ఒక బర్రె పాల మీద 3,500, అత్తగారి పింఛను 2,016 వస్తాయి. ఇంటి ఖర్చు 17 వేలు. ఆపైన మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 80 వేలకు నెలకు 2,400, మహిళా సంఘం అప్పు వాయిదా 2,500, లక్ష రూపాయల చీటీకి 5 వేలు కట్టాలి. ఏడు నెలల లోటును పూడ్చడానికి మూడు తులాల బంగారం బ్యాంకులో పెట్టి లక్షన్నర తెచ్చారు. సంక్రాంతికి రెండు బర్రెల్లో ఒకటి 62 వేలకు అమ్మారు. కిరాణా దుకాణంలో ఖాతా 14 వేలకు చేరింది. మరిది ఐదు నెలలు మూడేసి వేలు పంపి ఆపేశాడు.

ఇంత జరుగుతున్నా ఇంటి సంగతి బయటికి పొక్కరాదన్నది భర్త పట్టుదల. ఆదివారం మాంసం మానలేదు, ట్యూషన్ మానలేదు, శ్రావణంలో మరిది కూతురి ఓణీల పండుగకు అర తులం బంగారం పెట్టాలని ఇప్పుడే నిర్ణయించారు. బిడ్డను డిగ్రీలో చేర్చకుండా హైదరాబాదులో బట్టల దుకాణంలో 12 వేల జీతానికి ఏడాది పంపుదామని ఆయన అంటున్నారు. అత్తగారేమో ముప్ఫై గుంటల చెల్క అమ్మేసి అప్పులన్నీ కడిగేసుకుందామంటున్నారు. "ఇన్ని నెలల్లో ఒక్క పూట పొయ్యి ఆరనివ్వలేదు. ఇంకెంతకాలం ఇట్లా నడపగలను? చెల్క అమ్మాలా, బిడ్డ చదువు ఆపాలా, అందరికీ చెప్పుకొని చేయి చాచాలా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం నాలుగో పేజీ చివర ఉంది. కిరాణా ఖాతా గురించి రాస్తూ, మధ్యలో, థైరాయిడ్ మాత్రలు మూడు నెలలుగా కొనడం లేదని, రాత్రి పూట తినబుద్ధి కావడం లేదని రాసి, మళ్లీ పాల లెక్కలోకి వెళ్లిపోయారు. తినబుద్ధి కావడం లేదా, లేక అందరూ తిన్నాక మిగిలింది చూసి మానుకుంటున్నారా? ఆదివారం మాంసం వండే ఇంట్లో, వండే మనిషి మందు మాని రాత్రి పస్తు ఉంటున్నదంటే ఈ ఏడు నెలల లోటులో కొంత భాగాన్ని బ్యాంకు కాదు, వడ్డీ వ్యాపారి కాదు, మీ ఒళ్లు భరిస్తున్నది. ఆ అప్పు ఏ పుస్తకంలోనూ కనిపించదు కాబట్టి ఇంట్లో ఎవరూ అడగలేదు. నెలకు వంద, నూట యాభై రూపాయలు దాటని మాత్ర అది. ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే ఊరికే దొరకవచ్చు కూడా. కుట్టుమిషను మీద వచ్చే 7 వేలే ఇప్పుడు ఇంటికి పెద్ద సంపాదన కనుక, మీ ఆరోగ్యం మీ సొంత విషయమని అనుకోకండి. మిగతా విషయాల్లో మీ ముందు రెండు మూడు దారులు పెట్టి, ఏ దారికి ఏమవుతుందో చెప్పి ఊరుకుంటాను. ఈ ఒక్కదానిలో మాత్రం మాత్రలు రేపే మొదలుపెట్టండని గట్టిగానే చెబుతున్నాను.

ఇక అసలు చిక్కు. మీరిద్దరూ దీన్ని ఒకే కష్టంగా చూస్తున్నారు. నాకు రెండు కష్టాలు కనిపిస్తున్నాయి. మన వైపు రైతుకు ఈ తేడా బాగా తెలుసు. వాన నెల రోజులు వెనక్కి పోయిన ఏడాది ఉంటుంది, బోరు ఎండిపోయిన ఏడాది ఉంటుంది. వాన వెనక్కి పోతే అప్పో సప్పో చేసి ఇల్లు నడుపుకొని, అదే పంట వేస్తాడు. బోరు ఎండితే అప్పు తెచ్చి అదే వరి వేయడు, మెట్ట పంటకు మారతాడు. మీ వారు కర్ర లేకుండా నడవడానికి పట్టే నాలుగైదు నెలలు వాన వెనక్కి పోవడం లాంటివి. ఇక ఎత్తులెక్కరాదన్న డాక్టరు మాట బోరు ఎండిపోవడం లాంటిది. ఆ 28 వేల మేస్త్రి సంపాదన తిరిగి వస్తుందన్న లెక్కతో ఇంటిని పాత స్థాయిలో నడుపుతున్నారు, కాని డాక్టరు ఆ మాట అనలేదు. తాత్కాలికమైన లోటును అప్పుతో దాటవచ్చు, దాటాలి కూడా. శాశ్వతంగా తగ్గిన ఆదాయాన్ని అప్పుతో నింపబోతే, ప్రతి నెలా అదే గొయ్యిని కాస్త పెద్దగా తవ్వినట్లవుతుంది. అత్తగారు చెల్క అమ్ముదామనడానికి, మీ వారు బిడ్డను పనికి పంపుదామనడానికి మూలం ఒకటే: లోటు ఎంతో, ఎంతకాలమో ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

పెడదాం. ఇంటికి వస్తున్నది 12,500. పోతున్నది 17,000కు 9,900 కలిపి 26,900. నెలకు 14,400 లోటు. ఈ లోటులో 5 వేలు చీటీ, అంటే పొదుపు. నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున, అంటే ఏడాదికి ముప్ఫై ఆరు చొప్పున అప్పు తెచ్చి, దాని పక్కనే చీటీలో డబ్బు దాచుకుంటున్నారు. చీటీ ఎత్తితే "అవసరంలో ఉన్నారు" అని అందరికీ తెలుస్తుందని ఎత్తలేదన్నారు. ఆ మొహమాటం ఖరీదు చూడండి. ఇరవై నెలల చీటీలో ఇది పన్నెండో నెల. మీరు రాసినట్లు ఇప్పుడు పాట 15 వేల దగ్గర నిలుస్తున్నదంటే, ఎత్తితే 85 వేలు చేతికి వస్తాయి. చివరి దాకా ఆగితే, కమీషను 5 వేలు పోను 95 వేలు వస్తాయి. అంటే ఎనిమిది నెలలు ముందుగా తీసుకోవడానికి మీరు వదులుకొనేది 10 వేలు. ఎత్తినవారు తగ్గింపు లేకుండా నిండు వాయిదా కట్టాలన్న కట్టుబాటు మీ చీటీలో ఉంటే ఇంకో నాలుగు వేల లోపు పోతుంది. అదే ఎనిమిది నెలలు ఆ 80 వేల అప్పుకు మీరు కట్టబోయే వడ్డీ 19,200, అసలు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి చీటీ ఎత్తి మూడు రూపాయల అప్పు తీర్చేయడం నాకు తేలికైన నిర్ణయంగా కనిపిస్తున్నది. పాట 20 వేలు దాటి పోతుంటే లాభం దాదాపు మిగలదు కనుక ఒక నెల ఆగి చూడవచ్చు. అది నమోదైన సంస్థ చీటీయో, వీధిలో నమ్మకం మీద నడిచేదో మీరు రాయలేదు. వీధి చీటీ అయితే, చివరి దాకా ఆగడమే పెద్ద ప్రమాదం.

బంగారం సంగతి. మూడు తులాలు బ్యాంకులో పెట్టడాన్ని మీరు తప్పు చేసినట్లు రాశారు. కష్టకాలానికి బంగారం దాచుకునేదే అందుకు. ఏడాదికి నూటికి తొమ్మిది వడ్డీతో అప్పు దొరకడం, మీ మిగతా అప్పులతో పోలిస్తే, పుణ్యమే. చిక్కు దాని గడువులో ఉంది. ఇటువంటి అప్పు సాధారణంగా ఏడాదికి తిరగాలి, కనీసం వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. మీ లక్షన్నరకు ఏడాది వడ్డీ 13,500. నేను గ్రామీణ బ్యాంకు కౌంటరులో కూర్చున్న రోజుల్లో, తాకట్టు చీటీని నాలుగు మడతలు పెట్టి బియ్యం డ్రమ్ములో దాచి, వేలం నోటీసు వచ్చాక బియ్యపు పిండి అంటుకున్న ఆ కాగితాన్ని పట్టుకొని పరుగున వచ్చిన ఆడవాళ్లను చూశాను. అప్పటికి డబ్బు సర్దడానికి వాళ్లకు వారం కూడా మిగిలేది కాదు. గడువు తేదీని క్యాలెండరు మీద ఇప్పుడే గుర్తు పెట్టండి. నవంబరుకు వడ్డీ సర్దలేమని తోస్తే, రెండు నెలలు ముందే వెళ్లి, ఒక తులం మీరే అమ్మి అప్పు తగ్గించుకొని మిగతా రెండు తులాలు నిలుపుకోవచ్చు. మీరు అమ్మిన బంగారానికి, వేలంలో పోయిన బంగారానికి చేతికొచ్చే ధర ఒకటి కాదు.

బర్రెను అమ్మడం గురించి ఇప్పుడు మాట్లాడి ప్రయోజనం లేదు కాని, రెండోదాన్ని కాపాడుకోవడానికి ఒక లెక్క చెబుతాను. 62 వేలకు మూడు రూపాయల వడ్డీ అయినా నెలకు 1,860. పాలిచ్చే నెలల్లో బర్రె మీకు అంతకు దాదాపు రెట్టింపు ఇస్తున్నది. ఒట్టిపోయిన నెలలు తీసేసినా, దాన్ని అమ్మి తినడం అప్పు తెచ్చి తినడం కంటే ఖరీదైన పని. రాబడి ఇచ్చే వస్తువును లోటు కాలంలో అమ్మితే, లోటు పోయాక కూడా రాబడి తిరిగి రాదు. దక్కను పల్లెల్లో కరవు ఏళ్లలో ఎడ్లను అమ్ముకున్న రైతుల మీద పరిశోధన చేసినవారు కూడా ఇదే చూశారు: ఆ పూట గడిచేది, మళ్లీ ఎడ్లు కొనుక్కోవడానికి ఏళ్లు పట్టేది. పాలన్నీ కేంద్రానికి పోసి, టీకి మాత్రం ఉంచుకుంటున్నామన్నారు. ఎముక అతుకుతున్న మనిషి, ఎదుగుతున్న పిల్లవాడు, మీరు ఉన్న ఇంట్లో అర లీటరు ఆపుకోవడం దుబారా కాదు. ఆదివారం మాంసం రెండు వారాలకొకసారి చేస్తే ఆ అర లీటరు ఖర్చు చాలా మటుకు సరిపోతుంది. ఇది చాలా చిన్న విషయం, ఇక్కడితో వదిలేస్తాను.

ఇప్పుడు చెల్క. ముప్ఫై గుంటలు అమ్మితే అప్పులన్నీ తీరి కొంత చేతిలో మిగలవచ్చు, రాత్రి నిద్ర పట్టవచ్చు. ఆ నిద్రను నేను తక్కువ చేయను. కాని దానితో పాటు ఏమేం పోతాయో అత్తగారికి చెప్పండి. పాసుపుస్తకం మీ వారి పేరిట ఉందని రాశారు. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే రైతు బీమా ఆ భూమిని పట్టుకొనే ఉంది, భూమి పోతే అది పోతుంది. ఎకరాకు సీజనుకు 6 వేల రైతు భరోసాలో మీ ముక్కాలెకరానికి 4,500, పడినప్పుడు, పడేది కూడా పోతుంది. అన్నిటికంటే, ఆయన పెద్ద పని చేయలేని స్థితిలో ఉన్నప్పుడు అమ్మకానికి పెడితే, కొనేవాడు మీ అవసరం చూసే ధర కడతాడు. కౌలుకిస్తే వచ్చేది తక్కువే, ఏడాదికి కొన్ని వేలు మాత్రమే. అయినా భూమి మీదే. అమ్మక తప్పదనుకుంటే, అది ఏడాది తర్వాత, మీ వారు ఏదో ఒక పనిలో కుదురుకున్నాక, తొందర లేని చేతితో చేయవలసిన పని. లోటు ఎంతో తేలకముందు చేయవలసినది కాదు.

ఆ లోటు ఇదిగో ఇలా తేలుతుంది. చీటీ ఎత్తి వడ్డీ అప్పు తీరిస్తే 14,400లో 2,400 పోయి 12 వేలవుతుంది. ట్యూషన్ 1,500. ఇంటర్ పాసైన అక్క ఇంట్లో ఉండగా తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పలేదా? అది, ఇంకో వెయ్యి చిల్లర ఖర్చులు తగ్గిస్తే 9,500. ఆయన లేచి పనిలో పడడానికి ఐదు నెలలనుకుంటే 47,500. బంగారం వడ్డీ 13,500, కిరాణా ఖాతా 14,000. మొత్తం 75 వేలు. చీటీలో మిగిలే 5 వేలు తీసేస్తే 70 వేలు. మీ కష్టం ఇంత కొలతలో ఉంది. భూమి అమ్మవలసినంతగాని, పిల్ల చదువు ఆపవలసినంతగాని లేదు.

ఈ 70 వేలు ఎక్కడివి? మీ వీధిలోకి వచ్చే గ్రూపు లోను వాళ్లు 60 వేలు ఇస్తామన్నారని రాశారు. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం ఒక కుటుంబం కట్టే అన్ని అప్పుల వాయిదాలు కలిపి నెలసరి ఆదాయంలో సగం దాటరాదు. మీ ఆదాయం 12,500, అందులో సగం 6,250, సంఘం వాయిదాకూ ఇప్పటి వడ్డీకీ కలిపే 4,900 పోతున్నది. కాబట్టి అంత అప్పు ఇవ్వజూపుతున్నవారు మీ ఆదాయాన్ని ఎక్కువ చేసి రాసుకుంటున్నారని అర్థం. దాన్ని చివరి దారిగా ఉంచండి.

దానికి ముందు మీకు రావలసిన డబ్బు ఒకటుంది. పనిలో జరిగిన ప్రమాదానికి పని చేయించుకున్నవారు పరిహారం ఇవ్వాలన్నది 1923 నాటి చట్టం నుంచి ఉన్న హక్కు. ఇటీవల దాన్ని సామాజిక భద్రతా స్మృతిలో చేర్చారు. కాంట్రాక్టరు కింద పనిచేసిన కూలీకి అసలు నిర్మాణం చేయిస్తున్న సంస్థ కూడా బాధ్యత వహించాలి. 20 వేలిచ్చి తీసుకున్న సంతకానికి మీ వారు భయపడుతున్నట్లున్నారు. పరిహారపు హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన కాగితం చట్టం ముందు చెల్లదు. ఇక్కడ రెండు దారులు. జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టవచ్చు. ఆసుపత్రి కాగితాలు, వైకల్యం ఎంతో చెప్పే సర్టిఫికెట్టు, ఆ రోజు పక్కన పనిచేసిన ఇద్దరి సాక్ష్యం కావాలి. సమయం పడుతుంది, రాగల మొత్తం పెద్దది. రెండోది, అదే కాగితాలు చేతిలో పెట్టుకొని, ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని కాంట్రాక్టరుతో మాట్లాడడం. తక్కువ వస్తుంది, త్వరగా వస్తుంది. పన్నెండేళ్లుగా పనిచ్చిన మనిషి కనుక రేపు మళ్లీ అతని గడప తొక్కవలసి వస్తుందన్న మీ వారి సంకోచం అర్థం లేనిది కాదు. అయితే మాటలతో నెలలు దొర్లిపోనివ్వకండి. ఏడాది తిరగకముందే దరఖాస్తు పెట్టేయడం మేలు. ఆయనకు లేబర్ కార్డు ఉందా? భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదై, కార్డు కాలం చెల్లకుండా ఉంటే, ప్రమాద సహాయం విడిగా అడగవచ్చు. అదే కార్యాలయంలో ఒకే రోజు రెండు పనులూ కనుక్కోండి.

ఇక మీ వారు వినడానికి ఇష్టపడని భాగానికి వస్తాను. మీ జిల్లా సంగతే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే మెట్ట పంటల పరిశోధన సంస్థ 1975 నుంచి దక్కను ప్రాంతపు కొన్ని పల్లెల్లో ఇంటింటి రాబడి, తిండి, అప్పులు, పశువులు, పనిదినాలు ఏళ్ల తరబడి నమోదు చేసింది. వాటిలో ఒకటి పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె. ఆ లెక్కలను చదివిన అమెరికా అర్థశాస్త్రవేత్త రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ప్రకటించిన విషయం ఇది: ఒక ఇంటి రాబడి ఏదో ఒక ఏడు కుప్పకూలినా ఆ ఇంటి తిండీ వాడకం అంతగా పడిపోలేదు, ఊరందరి వాడకంతో పాటే పెరిగి తగ్గింది. అప్పు, చేబదులు, బంధువుల సాయం, దాచిన ధాన్యం అన్నీ కలిసి ఒక బీమాలా పనిచేశాయన్నమాట. ఆయన చూసిన మూడు పల్లెల్లో ఒకదానిలో, భూమి లేని కూలీ ఇళ్లకు మాత్రం ఆ రక్షణ పలచగా ఉంది. అవే పల్లెల లెక్కలతో 1989లో వచ్చిన మరో పరిశోధన, ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇచ్చిన ఇళ్లు కరవును మెరుగ్గా తట్టుకున్నాయని చూపింది. ఒకచోట వాన లేనప్పుడు మరోచోట పంట ఉంటుంది కదా.

ఈ బీమాకు మీ ఇల్లు ప్రీమియం కట్టలేదా? మీ బీరువాలో కట్నాల పుస్తకం ఉందన్నారు. ఇరవై ఏళ్లలో ఎవరి పెళ్లికి, ఎవరి గృహప్రవేశానికి ఎంత చదివించారో మీ వారు పేరు పేరునా రాసుకున్నారు. ఆ పుస్తకంలోని ప్రతి పంక్తి ఒక వాయిదాయే. ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టి, ప్రమాదం జరిగిన ఏడు ఆ సంగతి దాచిపెట్టడం ఏ లెక్కకూ అందదు. మీ ఇంట్లో మాంసం వాసన వస్తుంటే, మీ ఇంటి నుంచి అర తులం బంగారం వస్తుంటే, సాయం చేయాలనుకునేవారికి కూడా మీ కష్టం ఎలా తెలుస్తుంది? మీ మరిది మూడు వేలు ఆపేయడానికి తోడికోడలి మాటే కారణమని మీరు రాశారు. కావచ్చు. వాళ్లకు ఏమీ చెప్పకపోవడం వల్ల "అన్న బాగానే ఉన్నాడు" అనుకొని ఆపి ఉండవచ్చు కూడా.

చెప్పడంలో నష్టాలూ ఉన్నాయి, కాదనను. కొందరు ఫోను ఎత్తడం మానేస్తారు. బిడ్డ సంబంధాల సమయంలో ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు. మీ వారు మనసులో చిన్నబోతారు, అది అన్నిటికంటే కష్టం. అందుకే అందరికీ చాటనక్కరలేదు. ముందు జగిత్యాల వైపు ఇచ్చిన మీ చెల్లెలికి చెప్పండి. కాలువ నీళ్ల ఊరు, మీ వైపు ఎండితే వాళ్ల వైపు పంట ఉంటుందని మీరే రాశారు. దానమని కాక, ఇంత మొత్తం, ఇన్ని నెలలు, వచ్చే ఏడు ఫలానా నెల నుంచి తిరిగి ఇస్తానని అంకె చెప్పి అడగండి. ఎంతో, ఎప్పటిదాకానో చెప్పని అప్పు ఇవ్వడానికే మనుషులు జంకుతారు. మరిదితో మాత్రం మీ వారే మాట్లాడాలి. మీరు మాట్లాడితే అది తోడికోడళ్ల గొడవగా మారుతుంది. ఓణీల పండుగకు అర తులం పెట్టకపోతే మాట వస్తుంది, పెడితే ఆ అప్పుకు వడ్డీ కడుతూ కూర్చోవాలి. మీరు కుట్టుపని చేసే మనిషి. ఆ పిల్లకు ఓణీ, జాకెట్టు మీ చేత్తో, మగ్గం వర్కు చేయించి కుట్టి ఇస్తామని ముందే చెప్పేస్తే, చాలావరకు గౌరవం దక్కుతుంది. తోడికోడలు మూతి విరుస్తుందేమో, విరిస్తే విరవనివ్వండి.

బిడ్డ చదువు గురించి మీ వారి ఆలోచన క్రూరమైనదేమీ కాదు. నెలకు 12 వేలు ఎవరికైనా కంటికి కనిపిస్తాయి. హైదరాబాదులో హాస్టలు, తిండి, బస్సు పోను ఇంటికి వచ్చేది అందులో సగం కూడా ఉండదన్నది ఒక సంగతి. రెండోది, ఔరేపల్లె లాంటి పల్లెల లెక్కల్లోనే 1997లో తేలింది: ఇంటి రాబడి అనుకోకుండా పడిపోయినప్పుడు పిల్లల బడి హాజరు పడిపోయింది. పెద్దవాళ్ల లోటును పిల్లల చదువుతో పూడ్చారన్నమాట. ఏడాదికని ఆపిన చదువు తిరిగి మొదలవుతుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. అట్లాగని ప్రైవేటు కాలేజీకి 40 వేలు కట్టమని కూడా నేను అనను. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి అయిన దోస్త్ ద్వారా దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో సీటు తీసుకుంటే, అర్హతను బట్టి ఫీజు రీయింబర్స్‌మెంటు, స్కాలర్‌షిప్పు ఉంటాయి. మహిళా గురుకుల డిగ్రీ కాలేజీలో సీటు వస్తే ఇంట్లో ఒక మనిషి తిండి ఖర్చు కూడా తగ్గుతుంది. ఏమైనా సరే పనికే వెళ్లాలంటే, ఊళ్లోనే ఏదో పని చూసుకొని, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి నమోదు చేయించండి. దారి సన్నబడుతుంది కాని మూసుకుపోదు. ఆ అమ్మాయి ఏమంటున్నదో ఆరు పేజీల్లో ఒక్కచోట కూడా లేదు. ఆమెను కూర్చోబెట్టి ఈ లెక్కలు చూపండి. పద్దెనిమిదేళ్ల పిల్లకు 9,500, 12,500 అన్న అంకెలు అర్థం కాకపోవు.

చివరగా మీ వారి పని గురించి. పరంజా ఎక్కలేని మేస్త్రికి ఇరవై ఏళ్ల అనుభవం కళ్లలోనూ, లెక్కలోనూ మిగిలే ఉంటుంది. మీ చుట్టుపక్కల ఊళ్లలో ఇందిరమ్మ ఇళ్ల పనులు నడుస్తున్నాయి. ఒక్కో ఇంటికి ప్రభుత్వం దశలవారీగా ఇచ్చే 5 లక్షలతో కట్టుకునేవారికి, ఎంత ఇసుక, ఎంత సిమెంటు పడుతుందో చెప్పి, నలుగురిని పెట్టి నడిపించే గుంపు మేస్త్రి కావాలి. కింద కుర్చీ వేసుకొని చేయగల పని అది. మొదట్లో నెలకు 10, 12 వేలు వచ్చినా మీ లోటు పూడిపోతుంది. ఇందులో ఒక్క జాగ్రత్త చెబుతాను. సామానుతో కలిపి కాంట్రాక్టు తీసుకోవద్దు. బిల్లు దశలవారీగా వస్తుంది, అంతదాకా సిమెంటు దుకాణం బాకీ ఆయన నెత్తిన పడుతుంది. కూలీ కాంట్రాక్టు మాత్రమే, వారం వారం లెక్క తేల్చుకొనేలా మాట్లాడుకోవాలి. ఇది ఆయనకు చిన్నతనంగా తోస్తే ఊళ్లో ఇనుము, సిమెంటు దుకాణాల్లో కౌంటరు మీద కూర్చొనే పని కూడా అడిగి చూడవచ్చు. జీతం తక్కువ, ప్రతి నెలా వస్తుంది. రెండింటిలో ఏది ఎంచుకోవాలో ఆయన ఇష్టం. పరంజాకు తిరిగి వెళ్తానంటే మాత్రం డాక్టరు గదిలోకి మీరూ వెంట వెళ్లి, ఆ మాట ఆయన ముందే మరోసారి చెప్పించండి.

ఈ ఉత్తరం మీ వారికి చదివి వినిపిస్తానన్నారు. వినిపించండి, కాని మొదట్లోని మాత్రల సంగతి దాటేయకండి. ఆ సంగతి ఆయనకు ఇంకా తెలియదని మీ రాతను బట్టి నాకు అనిపిస్తున్నది.